ఎన్‌సీఏఏ సాఫ్ట్‌బాల్: ఒక్క ఏస్ పిచర్‌తో సీజన్ మొత్తం లాగొచ్చా? డీపీ, ఫ్లెక్స్ మార్పులు స్కోరు పుస్తకంలో ఎలా రాయాలి?

పదోగడి (ప్రశ్న)

అమెరికా కాలేజీ క్రీడలు నడిపే ఎన్‌సీఏఏలో పై స్థాయి అయిన డివిజన్ 1 మహిళల సాఫ్ట్‌బాల్‌లో ఒక జట్టును ఎంచుకుని, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ప్రతి మ్యాచ్‌కీ స్కోరు రాయాలనుకుంటున్నాను. మూల నియమాలతో ఇబ్బంది లేదు: 7 ఇన్నింగ్స్, పిచింగ్ దూరం 43 అడుగులు, బేస్‌కీ బేస్‌కీ 60 అడుగులు, బంతి పిచర్ చెయ్యి వదిలేదాకా రన్నర్ బేస్ మీదే ఉండాలి, 5 ఇన్నింగ్స్ అయ్యాక 8 రన్స్ తేడా ఉంటే ఆట ముగింపు. మూడు విషయాలు మాత్రం తేలడం లేదు.

మొదటిది పిచర్ల పంపకం. రెగ్యులర్ సీజన్‌లోనే 56 మ్యాచ్‌ల దాకా ఆడొచ్చు. అన్నేసి మ్యాచ్‌లు ఏస్, అంటే జట్టులో మేటి పిచర్, ఒక్కరి చేతిలోనే పెట్టి, చివరికి ఆమె అలసిపోయిందని వాపోవడంలో అర్థమేమిటి? ఫిబ్రవరిలోనే దీన్ని పసిగట్టాలంటే ఏం గమనించాలి?

రెండోది డీపీ (డిజిగ్నేటెడ్ ప్లేయర్), ఫ్లెక్స్. డీపీ ఫీల్డింగ్‌కి దిగినప్పుడల్లా పుస్తకంలో ఎవరి పేరు కొట్టేయాలో తెలియక తికమక అవుతోంది.

మూడోది చిన్నదే. చేత్తో లెక్కేసిన ఈఆర్‌ఏ (ఫీల్డర్ల తప్పు లేకుండా పిచర్ ఇచ్చిన ఎర్న్‌డ్ రన్స్, పూర్తి మ్యాచ్‌కి సగటున), అధికారిక బాక్స్ స్కోరులో ఉన్న అంకె ఎప్పుడూ కొద్దిగా తేడాగా వస్తున్నాయి. తప్పెక్కడ?

సర్కిల్_43

ముందు ఆ 56 ఎలా పోగవుతాయో చూడండి. పెద్ద కాన్ఫరెన్సుల్లో (కాలేజీల లీగుల్లో) 8 వారాంతాలు, వారాంతానికి 3 మ్యాచ్‌ల సిరీస్, అంటే 24. మార్చి, ఏప్రిల్ నెలల్లో వారం మధ్యలో ఆడే మంగళ, బుధవారాల మ్యాచ్‌లు దాదాపు 8 నుంచి 10. మిగతా 20 పైచిలుకు ఫిబ్రవరి టోర్నమెంట్లలోనే అయిపోతాయి. ఫ్లోరిడాలో క్లియర్‌వాటర్, కాలిఫోర్నియాలో మేరీ నట్టర్ క్లాసిక్, మెక్సికోలో ప్యూర్టో వయార్టా, అన్నీ అప్పుడే. మిషిగన్, మిన్నెసోటా లాంటి మంచు ప్రాంతాల జట్లకు సొంత మైదానం మార్చిలో గానీ దొరకదు. అందాకా సూట్‌కేసుల మీదే బతుకు.

ఆ టోర్నమెంట్లలో 3, 4 రోజుల్లో 5 మ్యాచ్‌లు పడతాయి. కాబట్టి ఫిబ్రవరిలో ఏ కోచ్ అయినా ముగ్గురు, నలుగురి చేతికి బంతి ఇచ్చి తీరాలి. మీరు రాసుకోవలసింది ఇన్నింగ్స్ సంఖ్య కాదు, ఆ ఇన్నింగ్స్ ఎలాంటివన్నది. రెండో పిచర్ వేసిన 20 ఇన్నింగ్స్ 7-0 ఆధిక్యంలో బలహీన జట్ల మీద వేసినవైతే అవి ఆమెను దేనికీ సిద్ధం చేయవు. ఒక్క రన్ తేడాలో, రన్నర్ రెండో బేస్ మీద ఉండగా, ఎదుటి జట్టు మూడో నంబర్ బ్యాటర్‌కి ఆమెతో వేయించారా? ఆ లెక్కకి పుస్తకంలో ఒక వరుస పెట్టుకోండి: 2 రన్స్ లోపు తేడాలో ఎవరెన్ని అవుట్లు తీశారు. ఏప్రిల్ చివరికి ఆ వరుసలో ఒకే పేరు కనబడుతోందంటే, మే నెలలో ఆ జట్టు దారి ఇరుకైనట్టే.

ఎందుకంటే మేలో లెక్క మారిపోతుంది. జాతీయ టైటిల్ కోసం వరసగా రీజినల్, సూపర్ రీజినల్, ఓక్లహోమా సిటీలో వరల్డ్ సిరీస్, ఈ మూడు దశలూ కలిపి ఓటమి లేకుండా వెళ్లినా 3 + 2 + 5 = 10 మ్యాచ్‌లు. అడుగడుగునా తడబడుతూ వెళ్తే 5 + 3 + 8 = 16. 2025లో ఇదంతా మే 16 నుంచి జూన్ 6 దాకా, అంటే 22 రోజుల్లో నడిచింది. ఇన్నింగ్స్‌కి 15 పిచ్‌లు వేసుకున్నా పూర్తి మ్యాచ్‌కి 100 దాటతాయి. వన్డేల్లో బౌలర్‌కి 10 ఓవర్లు దాటకూడదనే హద్దు ఉంటుంది చూడండి, ఎన్‌సీఏఏ సాఫ్ట్‌బాల్‌లో పిచ్‌ల సంఖ్యకు అలాంటి హద్దే లేదు. ఆపాల్సింది కోచే.

"కింది నుంచి వేసే బంతి, భుజానికి శ్రమ ఉండదు" అన్న మాట ఇంకా వినిపిస్తూ ఉంటుంది. అది పొరపాటు. విండ్‌మిల్‌లో చెయ్యి పూర్తిగా చుట్టు తిరిగి వచ్చి, బంతి వదిలే ముందు మోచేతిని అదుపు చేసే భారం బైసెప్స్ మీద పడుతుంది. ఆ కండర బంధనం భుజం ముందు వైపు అతుక్కుని ఉంటుంది. పిచర్లకు నొప్పి ఎక్కువగా కనబడేదీ అక్కడే. దానికంటే ముందు కాళ్లు అలుస్తాయి, బయటికి కనబడేది మాత్రం బంతిలో.

ఎలా కనబడుతుందంటే: రైజ్ బాల్ నిజంగా పైకి లేవదు. వెనక్కి తిరిగే స్పిన్ వల్ల, కన్ను ఊహించినంత కిందికి దిగదు, అంతే. కాళ్లు అలిసి అడుగు పొట్టిదైతే ఒళ్లు ముందుకు వాలుతుంది, మణికట్టు బంతి కిందికి పోలేదు, స్పిన్ బుల్లెట్‌లా పక్కకి తిరుగుతుంది. అప్పుడు ఛాతీ ఎత్తుకి రావలసిన బంతి నడుము ఎత్తులో, తిన్నగా వస్తుంది. 200, 220 అడుగుల దూరంలో కంచె ఉన్న ఆటలో అది హోమ్ రన్ బంతి. చేంజప్‌లో (వేగంగా వస్తుందనిపించి నెమ్మదిగా వచ్చే బంతిలో) మరో రకం తేడా: చెయ్యి వేగం ముందే తగ్గిపోతుంది, బ్యాటర్ పసిగట్టేస్తుంది.

స్పీడ్ గన్ ఒక్కటే చూస్తే ఇది దొరకదు. బంతి వదిలే చోటు పిచర్ ప్లేట్‌కి సుమారు 6 అడుగులు ముందుంటుంది, కాబట్టి ప్రయాణం 37 అడుగులు. గంటకు 70 మైళ్ల బంతి అక్కడికి 0.36 సెకన్లలో చేరుతుంది. వేగం 67కి పడిపోయినా తేడా సెకనులో వందో వంతు, రెండు వంతులు. పోయింది కదలిక. అందుకే ఇన్నింగ్స్‌వారీగా ఈ మూడు రాయండి: మొదటి పిచ్ స్ట్రైక్ పడిందా, 3 బాల్స్ దాకా పోయిన బ్యాటర్లెందరు, 2 స్ట్రైక్‌ల తర్వాత ఫౌల్ కొట్టి బతికిన పిచ్‌లెన్ని. మూడోది హఠాత్తుగా పెరిగితే రైజ్ బాల్ చప్పబడిందన్నమాట.

లైనప్‌కార్డు

డీపీ, ఫ్లెక్స్ సంగతి నేను చెప్తాను. బేస్‌బాల్ డీహెచ్ (పిచర్‌కి బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడు) మనసులో పెట్టుకుని చూస్తే ఇది ఎప్పటికీ ఎక్కదు, దాన్ని పక్కన పెట్టేయండి.

కార్డు మీద 10 పేర్లుంటాయి. 1 నుంచి 9 బ్యాటింగ్ వరుస, అందులో ఒకరు డీపీ. 10వ గడిలో ఫ్లెక్స్. ఫ్లెక్స్ ఫీల్డింగ్ చేస్తుంది, ఆమెకు బదులు డీపీ బ్యాట్ చేస్తుంది. చాలాసార్లు ఫ్లెక్స్ పిచరే, కానీ ఏ స్థానమైనా కావచ్చు. గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: ఇద్దరూ ఒకేసారి ఫీల్డింగ్‌లో ఉండొచ్చు, ఒకేసారి బ్యాటింగ్ వైపు ఉండకూడదు.

ఉదాహరణకి 4వ స్థానంలో డీపీ, 10వ గడిలో పిచర్, 6వ స్థానంలో ఫస్ట్ బేస్ అనుకోండి.

డీపీ ఫస్ట్ బేస్ ఆడటానికి దిగింది. ఎవరి పేరూ కొట్టేయకండి. 6వ బ్యాటర్ ఫీల్డింగ్ మానేసింది గానీ ఆటలోనే ఉంది, తన వంతుకి బ్యాట్ చేస్తుంది. పిచర్ యథావిధిగా పిచింగ్. 4వ వరుసలో స్థానం దగ్గర 3 (ఫస్ట్ బేస్ నంబరు) అని, ఇన్నింగ్స్ నంబరు వేసి రాస్తే సరిపోయింది. మీ తికమకంతా ఇక్కడిదే అయి ఉంటుంది.

డీపీ పిచింగ్ సర్కిల్‌లోకి వచ్చి తనే పిచింగ్ మొదలెట్టింది. ఇప్పుడు ఫ్లెక్స్ ఆట విడిచిపోయినట్టు. 10వ గడి కింద గీత గీయండి. జట్టు 9 మందికి దిగింది. ఇది తప్పు కాదు, ఆట చివరిదాకా 9 మందితోనే నడపొచ్చు.

ఫ్లెక్స్ బ్యాట్ పట్టింది, లేదా డీపీ బేస్ మీద ఉండగా ఆమెకు బదులు పరుగెత్తడానికి వచ్చింది. ఈసారి విడిచిపోయింది డీపీ. ఫ్లెక్స్ 4వ స్థానంలోకే రావాలి, మరే బ్యాటర్ బదులూ రాకూడదు. 6వ బ్యాటర్ కోసం ఫ్లెక్స్ పరుగెత్తితే అది నిబంధన ఉల్లంఘన.

మొదట ఆడిన వాళ్లెవరైనా, డీపీ, ఫ్లెక్స్ సహా, బయటికి వెళ్లి ఒక్కసారి తిరిగి రావచ్చు, అదీ తమ పాత బ్యాటింగ్ స్థానానికే. తర్వాత దిగినవాళ్లు వెళ్లిపోతే ఇక రాలేరు. పేరు పక్కన చిన్న పెట్టె గీసుకుని, తిరిగొచ్చినప్పుడు అందులో టిక్ పెట్టండి. రెండో టిక్ పడే పరిస్థితి వస్తే కోచ్ అయినా పొరబడ్డారు, మీరైనా పొరబడ్డారు.

ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకొకటుంది. పిచర్ మారగానే డీపీ వరుసలో గీత గీసేస్తారు. కొత్త పిచర్ ఫ్లెక్స్ స్థానంలో వస్తే ఆమె పేరు 10వ గడిలోకి వెళ్తుంది, డీపీకి దీంతో సంబంధమే లేదు.

ఇది పిచర్ల పంపకానికీ పనికొస్తుంది. ఫ్లెక్స్‌గా మొదలెట్టిన ఏస్‌ను ఇద్దరు బ్యాటర్ల కోసం పక్కన పెట్టాలంటే రెండు దారులు. బయటికి పంపి తిరిగి తేవచ్చు, కానీ ఆ ఒక్క అవకాశం ఖర్చయిపోతుంది. లేదా ఏస్‌నే ఫస్ట్ బేస్‌కి జరిపి, ఫస్ట్ బేస్ ఆడే ఆమె స్థానంలో కొత్త పిచర్‌ని దించొచ్చు. అవకాశం మిగులుతుంది గానీ, 6వ స్థానంలో బ్యాట్ చేయాల్సింది ఇప్పుడు ఆ కొత్త పిచరే. ఆ వంతు ఎంత దూరంలో ఉందో చూసి కోచ్ నిర్ణయిస్తారు. స్కోరు రాస్తూ ఇది ముందే ఊహించగలిగితే ఆట రుచే వేరు.

మూడోచూపు

సర్కిల్_43 గారూ, పిచింగ్ గురించి మీరు చెప్పినదంతా ఒప్పుకుంటాను గానీ, అలసటకే అంత బరువివ్వడం సరికాదని నా ఉద్దేశం. జూన్‌లో ఏస్ దెబ్బతినడానికి దానంత పెద్ద కారణం, బ్యాటర్లు ఆమెను ఎక్కువసార్లు చూసేయడం.

7 ఇన్నింగ్స్‌లో 21 అవుట్లు. 5, 6 మంది బేస్ ఎక్కితే మొత్తం 26, 27 మంది బ్యాటర్లు, అంటే వరుస సరిగ్గా మూడు చుట్లు. మూడో చుట్టు 5వ ఇన్నింగ్స్ దగ్గర మొదలవుతుంది. ఇక ఫైనల్ సిరీస్‌లో అదే జట్టు మూడు రోజులు వరసగా ఎదురవుతుంది. మూడు మ్యాచ్‌లూ ఒకరే వేస్తే పై వరుస బ్యాటర్ ఆమెను 9, 10 సార్లు చూస్తుంది. రైజ్ బాల్‌ని వదిలేసి, కింద పడే బంతికోసం ఆగడం అప్పటికి ఒంటబడుతుంది.

టెక్సస్, టెక్సస్ టెక్ తలపడిన 2025 ఫైనల్ చూడండి. టెక్సస్ టెక్ పిచర్ నైజారీ కెనడీ ఓక్లహోమా సిటీలో తన జట్టు పిచింగ్ భారాన్ని దాదాపు ఒంటిచేత్తో మోసింది. సెమీఫైనల్లో, అంతకుముందు వరసగా నాలుగు టైటిళ్లు గెలిచిన ఓక్లహోమాని ఇంటికి పంపింది కూడా ఆమె చేతి చలవే. ఫైనల్ మొదటి మ్యాచ్‌లో 1-0 ఆధిక్యంలో ఉండి, టెక్సస్ క్యాచర్ రీస్ ఆట్‌వుడ్‌ని కావాలని వాక్ చేయబోతే (నాలుగు బాల్స్ వేసి ఫస్ట్ బేస్ ఇచ్చేయబోతే), బయటికి పోవలసిన బంతి బ్యాట్‌కి అందేంత దగ్గరికి వచ్చింది. దాన్ని ఆమె ఎడమవైపు కొట్టడంతో రెండు రన్స్, 2-1 ఓటమి. రెండోది 4-3తో టెక్సస్ టెక్ గెలిచింది. మూడో మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్‌లోనే టెక్సస్ 5 రన్స్ చేసి, చివరికి 10-4తో తన మొదటి టైటిల్ అందుకుంది. మూడోరోజు తొలి ఇన్నింగ్స్‌లోనే అంత తేలిగ్గా కొట్టారంటే, చెయ్యి అలవడం ఎంతో, కన్ను అలవాటుపడటమూ అంత.

అయినా "ఒక్కరి మీద ఆధారపడితే ఓడిపోతారు" అని సూత్రంలా పట్టుకోకండి. అదే సిరీస్‌లో ఎదుటి వైపు టీగన్ కేవన్ కూడా టెక్సస్‌కి ఏస్‌లాగే వేసి, ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. తేడా పంపకంలో ఉంది గానీ, ఏస్ ఉండటంలో లేదు. లోతుకి ఉదాహరణ కావాలంటే 2023 ఓక్లహోమా: 61 గెలుపులు, 1 ఓటమి. జోర్డీ బాల్, నికోల్ మే, అలెక్స్ స్టొరాకో ముగ్గురూ సీజన్ పొడవునా పని పంచుకున్నారు. ముగ్గురి బంతీ మూడు రకాలుగా వచ్చేది, కుదురుకునే సమయం బ్యాటర్లకు దొరకలేదు.

కాబట్టి రెండో పిచర్ ఎంత మంచిదనే కాక, మొదటి ఆమెకు ఎంత భిన్నమైనదో కూడా చూడండి. రైజ్ బాల్ వేసే ఏస్ వెనక డ్రాప్ బాల్ వేసే అమ్మాయి వస్తే, బ్యాటర్ కన్ను పైనుంచి కిందికి దిగాలి. ఇద్దరూ రైజ్ బాల్ వాళ్లే అయితే రెండో ఆమె మీద బ్యాటర్లు సాధన పూర్తయి వచ్చినట్టే.

వేగం దీన్ని కొంతవరకు దాటేయగలదు. టెనెసీ పిచర్ కార్లిన్ పికెన్స్ 2025లో 79.4 మైళ్ల వేగం నమోదు చేసింది. పైన వేసిన లెక్క ప్రకారం అది దాదాపు 0.32 సెకన్లు. ఎన్నిసార్లు చూసినా ఆ వేగానికి తీరిగ్గా నిర్ణయించుకునే వ్యవధి ఉండదు. అలాంటి చెయ్యి అరుదు.

పదోగడి

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలండీ. డీపీ ఫస్ట్ బేస్‌కి దిగినప్పుడు 6వ బ్యాటర్‌ని కొట్టేయడమే జరుగుతున్న తప్పు. ఇంకో సందేహం: రీజినల్‌లో మొదటి మ్యాచ్ ఓడినా డబుల్ ఎలిమినేషన్ (రెండుసార్లు ఓడితేనే అవుట్) కాబట్టి పెద్ద నష్టం లేదంటారు. నిజమేనా? ఈఆర్‌ఏ సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

ఆదివారంరెండోమ్యాచ్

ఈఆర్‌ఏ ముందు తేల్చేద్దాం. సాఫ్ట్‌బాల్‌లో 9తో కాదు, 7తో గుణించాలి. అది మీకు తెలిసే ఉంటుంది, తేడా కొద్దిగానే వస్తోందంటున్నారు కాబట్టి. తప్పు దశాంశంలో ఉంది. 40.2 ఇన్నింగ్స్ అంటే 40 ఇన్నింగ్స్, 2 అవుట్లు, అంటే 40.667. 10 ఎర్న్‌డ్ రన్స్ ఇస్తే 70ని 40.667తో భాగించి 1.72. 40.2తో భాగిస్తే 1.74 వస్తుంది. మొత్తం అవుట్లు లెక్కపెట్టి, ఎర్న్‌డ్ రన్స్‌ని 21తో గుణించి అవుట్లతో భాగించడం ఇంకా సులువు: 210ని 122తో భాగించండి, అదే 1.72. ఎప్పటికీ తప్పదు.

ఇక మొదటి మ్యాచ్ ఓటమి. నష్టం లేదనడం చాలా పెద్ద పొరపాటు. 64 జట్లు, 16 రీజినల్స్, ఒక్కోదాంట్లో 4 జట్లు. తొలిరోజు రెండు మ్యాచ్‌లు. రెండో రోజు గెలిచినవాళ్లిద్దరూ తలపడతారు, ఓడినవాళ్లిద్దరిలో ఒకరు ఇంటికి వెళ్తారు, ఆ రోజే మూడో మ్యాచ్‌లో ఇంకొకరు. మూడో రోజు ఫైనల్, అవసరమైతే మరొకటి.

అన్నీ గెలిచే జట్టుకి 3 మ్యాచ్‌లు, రోజుకి ఒకటి. ఒక్క పిచర్‌తో కానిచ్చేయొచ్చు. మొదటిది ఓడితే వరసగా 4 గెలవాలి, శనివారం 2, ఆదివారం 2. ఏస్ శుక్రవారం 100 పిచ్‌లు వేసి ఓడి ఉంటే, తర్వాత 48 గంటల్లో 28 ఇన్నింగ్స్ ఎవరో వేయాలి. రెండో మ్యాచ్ ఓడినా దాదాపు అంతే: శనివారం రాత్రి ఒకటి, ఆదివారం రెండు. ఆదివారం ఎదురయ్యే జట్టు శనివారం మధ్యాహ్నం నుంచి విశ్రాంతి తీసుకుని ఉంటుంది. వరల్డ్ సిరీస్‌లో 8 జట్లు రెండు గుంపులుగా ఇదే పద్ధతిలో ఆడతాయి గానీ అక్కడ రోజులు కాస్త ఎడంగా ఉంటాయి. అందుకే ఒక్క పిచర్ ఉన్న జట్టుకి రీజినల్‌లో ఒక ఓటమి, ఓక్లహోమా సిటీలో ఒక ఓటమికంటే ప్రమాదం.

సొంత మైదానం కూడా పూర్తి రక్ష కాదు. 2025లో దేశంలోనే నంబర్ 1 సీడ్ టెక్సస్ ఏ అండ్ ఎమ్ తన సొంత రీజినల్‌లోనే లిబర్టీ చేతిలో ఓడి బయటికి పోయింది. నంబర్ 1 సీడ్ రీజినల్ దాటకపోవడం అదే మొదటిసారి. అయినా సీడ్ కోసం అంత పోటీ ఎందుకంటే, 16 సీడ్లకు రీజినల్ ఇంట్లో, పై 8 మందికి గెలిస్తే సూపర్ రీజినల్ కూడా ఇంట్లో. దానికి కమిటీ చూసే ఆర్‌పీఐలో (జట్ల బలాన్ని కొలిచే సూచీలో) సొంత గెలుపు శాతానికి 25 శాతం బరువు, ప్రత్యర్థుల గెలుపు శాతానికి 50, ప్రత్యర్థుల ప్రత్యర్థులకు 25. నాలుగింట మూడు వంతుల బరువు ఎవరితో ఆడారన్న దానికే. కాబట్టి బలహీన జట్టు మీద 12-0 గెలిచినా ఆర్‌పీఐ కిందికి జారొచ్చు. బలమైన జట్లున్న ఫిబ్రవరి టోర్నమెంట్లకు కోచ్‌లు ఎగబడటానికి ఇదే కారణం.

ఒకటి కొత్తగా మారింది. ఇదివరకు జట్టంతటికీ పంచడానికి 12 స్కాలర్‌షిప్‌లే ఉండేవి. 2025-26 నుంచి, ఎన్‌సీఏఏ మీద వేసిన దావా పరిష్కారంగా వచ్చిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టు పరిమాణానికి 25 మంది హద్దు వచ్చింది. నాలుగో, ఐదో పిచర్‌కి కూడా పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. మీరు ఎంచుకునే జట్టు జాబితాలో పిచర్లెందరో, అందులో ఎందరు ఎడమచేతి వాళ్లో మొదటి పేజీలోనే రాసుకోండి.

పుస్తకం చివర ఇంకో పట్టీ చేర్చండి: ప్రతి పిచర్‌కీ ఆ రోజు వేసిన పిచ్‌లు, గత 3 రోజుల మొత్తం. రీజినల్ శనివారం రాత్రి మూడో మ్యాచ్ మొదలయ్యే ముందు ఆ పట్టీ తీసి చూస్తే, ఎవరిని దించుతారో చాలావరకు మీకే తెలిసిపోతుంది. రెండో వరుస 200 దాటిన పిచర్‌నే మళ్లీ దించారంటే ఆ కోచ్‌కి మూడో పిచర్ మీద నమ్మకం లేదు. అలాంటప్పుడు ఆ మ్యాచ్ మొదటి రెండు ఇన్నింగ్స్‌లో రైజ్ బాల్ ఎత్తు ఎక్కడుందో పిచ్ పిచ్‌కీ గుర్తు పెట్టుకుంటూ రాయండి.

సర్కిల్_43

మూడోచూపు గారు చెప్పిన కన్ను అలవాటు మాట సబబే, దాన్ని నేను తక్కువ చేశాను. ఆదివారంరెండోమ్యాచ్ గారి పట్టీకి ఒక చిన్న చేర్పు: బుల్‌పెన్‌లో వేడెక్కడానికి వేసిన పిచ్‌లు బాక్స్ స్కోరులో రావు. ఒకే రోజు రెండు మ్యాచ్‌లు వేసే పిచర్ రెండుసార్లు వేడెక్కాలి, ఒక్కోసారికి 40, 50 పిచ్‌లు వేసుకోండి. అందుకే ఒకే రోజు 60, 60 వేయడం, ఒకే మ్యాచ్‌లో 120 వేయడం ఒకటి కాదు. మొదటిదే ఎక్కువ భారం.